టీకా అనంతర ఆటోఇమ్యూన్ రక్తవ్యాధులు

టీకా వేయించుకున్న కొన్ని రోజులకో వారాలకో యాంటీబాడీలు సొంత రక్తకణాలనో, రక్తంలోని ప్రోటీన్లనో శత్రువులుగా పొరబడి దెబ్బతీయడం వల్ల వచ్చే అరుదైన జబ్బులు ఇవి. ప్లేట్‌లెట్లు పడిపోయే ఐటీపీ, ప్లేట్‌లెట్లు తగ్గుతూనే రక్తం గడ్డకట్టే వీఐటీటీ ఇందులో ముఖ్యమైనవి. ఎర్ర రక్తకణాలు చితికిపోయే హీమోలైటిక్ ఎనీమియా, టీటీపీ, ఎక్వయిర్డ్ హీమోఫీలియా వంటివి టీకాల తర్వాత కనిపించినట్లు అక్కడక్కడా నివేదికలున్నాయి.

ఈ జబ్బులన్నీ టీకాలతో నిమిత్తం లేకుండానూ వస్తాయి. వైరల్ జ్వరాలు, కొన్ని మందులు, లూపస్ వంటి దీర్ఘవ్యాధులు కారణం కావచ్చు. చాలామందిలో ఏ కారణమూ దొరకదు. టీకా తర్వాత వచ్చింది కాబట్టి టీకా వల్లే వచ్చిందని చెప్పలేం, అలాగని కొట్టిపారేయనూ లేం. తర్వాత వచ్చినదానికీ, వల్ల వచ్చినదానికీ మధ్య తేడాను ఎలా తేలుస్తారన్నదే ఈ విషయంలో కీలకం.

చరిత్ర

ఒంటి మీద ఊదారంగు మచ్చలు, ముక్కు నుంచి రక్తం కారడం లక్షణాలుగా ఉన్న జబ్బును జర్మన్ వైద్యుడు పాల్ వెర్ల్‌హోఫ్ 18వ శతాబ్దంలో వర్ణించాడు. నేటి ఐటీపీ అదే, చాలాకాలం దానికి ఆయన పేరే ఉండేది. రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గడమే ఈ మచ్చలకు మూలమని సూక్ష్మదర్శిని వాడుకలోకి వచ్చాక తెలిసింది. ప్లేట్‌లెట్లు నాశనమయ్యేది ప్లీహంలోనేమో అని ప్రాగ్‌లో వైద్య విద్యార్థిగా ఉన్న పాల్ కాజ్నెల్సన్ అనుమానించాడు. ఆయన సూచన మీద 1916లో ఒక రోగికి ప్లీహం తొలగించారు, జబ్బు నెమ్మదించింది.

అసలు కారణం రక్తంలోనే ఉందని తేల్చింది విలియమ్ హారింగ్టన్. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పనిచేస్తున్న ఈ వైద్యుడు 1950లో ఐటీపీ రోగి రక్తాన్ని తన శరీరంలోకి ఎక్కించుకున్నాడు. గంటల్లోనే ఆయన ప్లేట్‌లెట్ల సంఖ్య ప్రమాదకరంగా పడిపోయింది, ఒంటిమీద ఎర్రచుక్కలు తేలాయి, కొద్ది రోజులకు కోలుకున్నాడు. రోగి రక్తంలో తిరిగే పదార్థమే ప్లేట్‌లెట్లను చంపుతోందనడానికి అంతకంటే నేరుగా దొరికే రుజువు లేదు. ఆ పదార్థం యాంటీబాడీ అని ఆ తర్వాత నిర్ధారణ అయింది. ఇలాంటి ప్రయోగాన్ని ఈనాటి నైతిక సంఘాలు అనుమతించవు.

ఎర్ర రక్తకణాలకు అతుక్కున్న యాంటీబాడీని పట్టే పరీక్షను 1945లో కేంబ్రిడ్జిలో రాబిన్ కూంబ్స్, ఆర్థర్ మౌరాంట్, రాబ్ రేస్ రూపొందించారు. కూంబ్స్ టెస్టు పేరుతో అది నేటికీ ప్రతి పెద్ద ల్యాబులో వాడుకలో ఉంది.

తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకు కలిపి వేసే ఎంఎంఆర్ టీకా విస్తరించాక, దాని తర్వాత ఐటీపీ వచ్చిన పిల్లల వివరాలు పోగుపడ్డాయి. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1994 నివేదికలో ఎంఎంఆర్‌కూ ప్లేట్‌లెట్ల తగ్గుదలకూ కార్యకారణ సంబంధం రుజువైందని ప్రకటించింది.

ఐటీపీ

ఇమ్యూన్ థ్రాంబోసైటోపీనియాకు ఐటీపీ పొట్టిపేరు. ఆరోగ్యవంతుల్లో మైక్రోలీటరు రక్తానికి 1.5 లక్షల నుంచి 4.5 లక్షల ప్లేట్‌లెట్లు ఉంటాయి. మరే కారణమూ లేకుండా ఆ సంఖ్య లక్ష కంటే తగ్గితే ఐటీపీగా పరిగణించాలని అంతర్జాతీయ నిపుణుల బృందం 2009లో నిర్ణయించింది. మూడు నెలల లోపు ఉంటే కొత్త జబ్బు, ఏడాది దాటితే దీర్ఘకాలికం.

ప్లేట్‌లెట్ ఆయుష్షు మామూలుగా 7 నుంచి 10 రోజులు. ఐటీపీలో యాంటీబాడీలు దాని పైపొరలోని ప్రోటీన్లకు అతుక్కుంటాయి. అలా గుర్తుపడిన ప్లేట్‌లెట్లను ప్లీహంలోని మాక్రోఫేజ్ కణాలు గంటల వ్యవధిలోనే మింగేస్తాయి. మూలుగలో కొత్త ప్లేట్‌లెట్ల తయారీ కూడా మందగిస్తుంది. వైరస్ ప్రోటీన్లకూ ప్లేట్‌లెట్ ప్రోటీన్లకూ ఉన్న పోలిక వల్ల యాంటీబాడీలు దారితప్పుతాయన్నది ఎక్కువమంది అంగీకరించే వివరణ. ఎంఎంఆర్‌లో ఉన్నవి బలహీనపరచిన సజీవ వైరస్‌లు. అవి శరీరంలో కొంతమేర పెరుగుతాయి. అందుకే అసలు జబ్బు చేసే పనిని ఇవీ చిన్నపాటిగా చేస్తాయని భావిస్తారు.

టీకా తర్వాత ఐటీపీ సాధారణంగా ఆరు వారాల్లోపు బయటపడుతుంది, రెండు మూడు వారాల దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది. బ్రిటన్‌లో 2001లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఎంఎంఆర్ ప్రతి 22,300 డోసులకు ఒకరికి ఈ విధంగా వస్తుంది. టీకా తర్వాతి ఆరు వారాల్లో కనిపించిన ప్రతి మూడు ఐటీపీ కేసుల్లో రెండు టీకా వల్ల వచ్చినవేనని, మిగిలిన ఒకటి ఎలాగూ వచ్చేదేనని అదే అధ్యయనం లెక్కగట్టింది. పది లక్షలకు పైగా పిల్లల వివరాలతో 2008లో అమెరికాలో వచ్చిన అధ్యయనం 40,000 డోసులకు ఒకరని తేల్చింది.

ఈ అంకెల పక్కన మరో రెండు అంకెలు పెట్టకుండా ఎవరికీ చూపకూడదు. టీకా లేకుండా తట్టు సోకిన పిల్లల్లో సుమారు 6,000 మందికి ఒకరికి, రుబెల్లా సోకినవారిలో సుమారు 3,000 మందికి ఒకరికి ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అంటే టీకా తెచ్చే ఐటీపీ కంటే, ఆ టీకా ఆపే జబ్బులు తెచ్చే ఐటీపీ ఎన్నో రెట్లు ఎక్కువ. తట్టు చేసే హాని ఇక్కడితో ఆగదు. న్యుమోనియా, మెదడువాపు, కంటిచూపు పోవడం దాని వెంటే ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో ప్రపంచమంతటా తట్టుతో చనిపోయినవారు 1,07,500 మంది. వారిలో అత్యధికులు టీకా అందని చిన్నపిల్లలు.

టీకా అనంతర ఐటీపీ చాలావరకు తేలికపాటి జబ్బు. వైద్య పత్రికల్లోని నివేదికలను క్రోడీకరించిన 2010 నాటి సమీక్షలో 93 శాతం పిల్లలు ఆరు నెలల్లోపు కోలుకున్నారు. మెదడులో రక్తస్రావం అన్నిటికంటే భయపడాల్సిన పరిణామం. పిల్లల ఐటీపీలో అది నూటికి ఒకరికంటే తక్కువమందికే వస్తుంది.

మిగతా చిన్ననాటి టీకాల మాటేమిటి? అమెరికాలో 18 లక్షల మంది పిల్లల వైద్య వివరాలను పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాది రెండేళ్ల వయసు పిల్లల్లో ఎంఎంఆర్ తప్ప మరే టీకాకూ ఐటీపీతో సంబంధం కనిపించలేదు. పెద్ద పిల్లల్లో హెపటైటిస్-ఎ, ఆటలమ్మ టీకాల తర్వాత, కౌమారంలో వేసే ధనుర్వాతం బూస్టరు తర్వాత కొన్ని కేసులు కనిపించాయి. అయితే అవి వేళ్లమీద లెక్కించదగినన్ని, దాదాపుగా అన్నీ తీవ్రత లేనివి. కోవిడ్ టీకాల విషయంలో, స్కాట్లాండ్ జనాభా మీద 2021లో చేసిన అధ్యయనం ఆస్ట్రాజెనెకా మొదటి డోసు తర్వాత లక్ష డోసులకు సుమారు 1.13 ఐటీపీ కేసులు అదనంగా ఉన్నాయని అంచనా వేసింది. ఫైజర్ టీకాతో అలాంటి పెరుగుదల కనిపించలేదు.

వీఐటీటీ

టీకా ప్రేరేపించే ఇమ్యూన్ థ్రాంబోసైటోపీనియా, థ్రాంబోసిస్‌ల జంటకు వీఐటీటీ అని పేరు. టీటీఎస్ అన్నా దాదాపు ఇదే. 2021కి ముందు ఈ జబ్బుకు పేరే లేదు.

ఆ ఏడాది ఫిబ్రవరి చివర, మార్చి నెలల్లో జర్మనీ, ఆస్ట్రియా, నార్వే, బ్రిటన్‌లలో వైద్యులకు ఒకే తరహా రోగులు ఎదురయ్యారు. ఎక్కువమంది అప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్నవారే. ఆస్ట్రాజెనెకా కోవిడ్ టీకా తీసుకున్న వారం పది రోజులకు భరించలేని తలనొప్పితో వచ్చారు. స్కాన్‌లో మెదడు సిరల్లో రక్తపు గడ్డలు, రక్తపరీక్షలో అట్టడుగుకు పడిపోయిన ప్లేట్‌లెట్లు. ప్లేట్‌లెట్లు తగ్గితే రక్తం కారాలి, గడ్డకట్టకూడదు. ఈ వైరుధ్యాన్ని చూసి జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్ విశ్వవిద్యాలయ నిపుణుడు ఆండ్రియాస్ గ్రైనాకర్‌కు హెపారిన్ అనే మందు వల్ల అరుదుగా వచ్చే హిట్ అనే జబ్బు గుర్తుకొచ్చింది. ఆయన దశాబ్దాలుగా పరిశోధిస్తున్నది దాని మీదే. కానీ ఈ రోగులెవరూ అంతకుముందు హెపారిన్ తీసుకోలేదు.

హిట్‌లో కనిపించే పీఎఫ్4 యాంటీబాడీలే వీరి రక్తంలోనూ దొరికాయి. జర్మనీ, ఆస్ట్రియాల నుంచి 11 మంది, నార్వే నుంచి ఐదుగురు, లండన్ నుంచి మేరీ స్కల్లీ బృందం చూసిన 23 మంది రోగుల వివరాలు ఆ ఏప్రిల్‌లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో కొద్ది రోజుల తేడాలో వెలువడ్డాయి. కొత్త జబ్బు గుర్తింపు, దాని కారణం, దాన్ని పట్టే పరీక్ష మూడూ కొన్ని వారాల్లోనే తేలడం వైద్య చరిత్రలో తరచూ జరిగేది కాదు.

పీఎఫ్4 అనేది ప్లేట్‌లెట్లు విడుదల చేసే ధనావేశ ప్రోటీన్. వీఐటీటీ యాంటీబాడీలు దాన్ని, హెపారిన్ అతుక్కునే చోటే పట్టుకుని గుంపులు కడతాయి. ఈ గుంపులు ప్లేట్‌లెట్ల పైనున్న గ్రాహకాలను తాకగానే ప్లేట్‌లెట్లు ఉత్తేజితమై గడ్డలు కట్టడం మొదలుపెడతాయి. గడ్డల్లో ఖర్చయిపోవడం వల్లే వాటి సంఖ్య పడిపోతుంది. మెదడు సిరలతోపాటు కడుపులోని సిరల్లో, ఊపిరితిత్తుల్లో, కాళ్లలో కూడా గడ్డలు ఏర్పడవచ్చు. ఈ జబ్బు తెచ్చిన ఆస్ట్రాజెనెకా, జాన్సన్ అండ్ జాన్సన్ కోవిడ్ టీకాలు రెండూ అడినోవైరస్ వాహకంగా తయారైనవే. మామూలు అడినోవైరస్ ఇన్‌ఫెక్షన్ తర్వాత కూడా ఇదే రకం జబ్బు రావచ్చని 2023లో తెలియడంతో, మూలం ఆ వైరస్ కుటుంబంలోనే ఉందన్న అభిప్రాయం బలపడింది.

నార్వేలో ఈ జబ్బు సుమారు 26,000 మందికి ఒకరిలో కనిపించింది. బ్రిటన్‌లో మొదటి డోసు తర్వాత 50 ఏళ్ల లోపువారిలో సుమారు 50,000 మందికి ఒకరు, ఆపై వయసువారిలో లక్షకు ఒకరు దీని బారిన పడ్డారు. బ్రిటన్‌లోని 220 మంది రోగుల మీద 2021 ఆగస్టులో వచ్చిన నివేదికలో మరణాలు 22 శాతం. ఐటీపీతో పోలిస్తే ఇది ఎంతో క్రూరమైన జబ్బు, పైగా పోయినవారిలో చిన్నవయసు వారున్నారు. అరుదు అన్న మాట ఆ కుటుంబాల నష్టాన్ని తగ్గించదు.

యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ 2021 ఏప్రిల్ 7న దీన్ని ఆస్ట్రాజెనెకా టీకా దుష్ప్రభావాల జాబితాలో చేర్చింది. అదే రోజు బ్రిటన్ సలహా సంఘం 30 ఏళ్ల లోపువారికి వేరే టీకా ఇవ్వాలని సూచించి, మే నెలలో ఆ వయసును 40కి పెంచింది. డెన్మార్క్ ఆ టీకాను పూర్తిగా పక్కనపెట్టింది. అమెరికాలో జాన్సన్ టీకాను ఏప్రిల్ 13న నిలిపి, పది రోజుల తర్వాత హెచ్చరికతో మళ్లీ అనుమతించారు.

ఇతర వ్యాధులు

ఆటోఇమ్యూన్ హీమోలైటిక్ ఎనీమియాలో యాంటీబాడీలు ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి. రోగి పాలిపోతాడు, కళ్లు పచ్చబడతాయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది. డీపీటీ వంటి టీకాల తర్వాత ఒకటీ అరా కేసులు నమోదయ్యాయి. ఎర్రకణాలూ ప్లేట్‌లెట్లూ రెండూ దెబ్బతింటే దాన్ని ఇవాన్స్ సిండ్రోమ్ అంటారు.

టీటీపీలో యాంటీబాడీలు ఆడమ్‌టీఎస్13 అనే ఎంజైమును అడ్డుకుంటాయి. ఆ ఎంజైము లేకపోతే సన్నని రక్తనాళాల్లో ప్లేట్‌లెట్ల గడ్డలు పేరుకుంటాయి. ఎక్వయిర్డ్ హీమోఫీలియాలో రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఎనిమిదో కారకం మీద దాడి జరుగుతుంది. ఇది ఏటా పది లక్షల మందిలో ఒకరిద్దరికే వచ్చే జబ్బు, ఎక్కువగా వృద్ధుల్లో కనిపిస్తుంది. ఈ రకాలన్నిటిలో టీకాలతో సంబంధానికి ఉన్న ఆధారం విడివిడి కేసుల నివేదికలే. కార్యకారణ సంబంధాన్ని నిలబెట్టడానికి అవి చాలవు.

లక్షణాలు, నిర్ధారణ

ఐటీపీ మొదటి గుర్తు చర్మం మీద గుండుసూది తలకాయంత ఎర్రచుక్కలు. మామూలు దద్దురు వేలితో నొక్కితే రంగు తగ్గుతుంది, ఇవి తగ్గవు. గాజుగ్లాసు అడుగుతో నొక్కి గాజులోంచి చూసినా అలాగే కనిపిస్తాయి. మేజోళ్ల అంచు బిగుసుకున్న చోట, బీపీ పట్టీ చుట్టిన చోట గుంపుగా తేలుతాయి. దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి ఆగని రక్తం తర్వాతి గుర్తులు. పిల్లవాడు మాత్రం ఆడుకుంటూనే ఉంటాడు, జ్వరం ఉండదు.

తెలుగు రాష్ట్రాల్లో ప్లేట్‌లెట్లు పడిపోయాయనగానే అందరికీ ముందు గుర్తుకొచ్చేది డెంగీ (చూ. డెంగీ జ్వరం). వానాకాలంలో అది న్యాయమైన అనుమానమే. కానీ డెంగీలో జ్వరం, ఒళ్లునొప్పులు ముందుంటాయి, రక్తం చిక్కబడి హిమటోక్రిట్ పెరుగుతుంది. టీకా వేయించిన రెండు మూడు వారాలకు జ్వరం లేకుండా మచ్చలు తేలిన బిడ్డను తీసుకెళ్తే, టీకా తేదీ, కార్డు వైద్యుడికి తప్పక చూపాలి. యంత్రం చూపిన అంకె మీదే ఆధారపడకుండా రక్తపు చుక్కను గాజుపలక మీద పరచి సూక్ష్మదర్శినిలో చూడటం అవసరం. కొందరి రక్తంలో ప్లేట్‌లెట్లు సీసాలోని రసాయనం వల్ల గుంపుకట్టి యంత్రానికి తక్కువగా కనిపిస్తాయి. ల్యూకేమియా వంటి జబ్బులు లేవని తేలేదీ ఆ పరీక్షలోనే.

వీఐటీటీ గుర్తులు వేరు. టీకా తర్వాత 4 నుంచి 30 రోజుల మధ్య మొదలై తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, మూర్ఛ, తీవ్రమైన కడుపునొప్పి, ఆయాసం, ఒక కాలు వాపు ఇందులో ఉంటాయి. ప్లేట్‌లెట్లు తగ్గి, గడ్డలను సూచించే డీ-డైమర్ బాగా పెరిగి, ఎలీసా పద్ధతిలో పీఎఫ్4 యాంటీబాడీ కనిపిస్తే నిర్ధారణ అయినట్టే. హిట్ కోసం వాడే కొన్ని తక్షణ పరీక్షలు దీన్ని పట్టలేవు.

చికిత్స

చర్మం మీద మచ్చలు తప్ప మరే రక్తస్రావం లేని పిల్లలకు, కౌంటు ఎంత తక్కువగా ఉన్నా మందులివ్వకుండా కనిపెట్టి చూడటమే మేలని అమెరికన్ సొసైటీ ఆఫ్ హెమటాలజీ 2019 మార్గదర్శకాలు సూచించాయి. తల్లిదండ్రులకు ఇది మింగుడుపడని సలహా. అయినా పిల్లల్లో ఈ జబ్బు తనంతట తాను తగ్గే తీరే దానికి ఆధారం. రక్తస్రావం ఉంటే కొద్ది రోజులు స్టెరాయిడ్లు, లేదా సిరలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇస్తారు. ఈ రెండో పద్ధతిని స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో పాల్ ఇంబాక్ 1981లో వెలుగులోకి తెచ్చాడు. నెలల తరబడి తగ్గకపోతే రిటుక్సిమాబ్, ఎల్ట్రాంబోపాగ్ వంటి మందులున్నాయి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ఇవ్వకూడదు.

వీఐటీటీకి ఇమ్యునోగ్లోబ్యులిన్‌తోపాటు హెపారిన్ కాని రక్తం పలచబరిచే మందులు వాడారు, తీవ్రమైనవారికి ప్లాస్మా మార్పిడి చేశారు. ఇక్కడ ప్లేట్‌లెట్లు ఎక్కించడం నిప్పుకు నెయ్యి పోసినట్టవుతుంది గనుక అత్యవసరం తప్ప వద్దన్నారు. టీటీపీకి ప్లాస్మా మార్పిడే ప్రాణాధారం.

కారణ నిర్ణయం, నిఘా

ఒక బిడ్డకు ఐటీపీ టీకా వల్లే వచ్చిందని చెప్పగల రక్తపరీక్ష లేదు. జనాభా స్థాయి లెక్కలే దారి. జబ్బు వచ్చిన ప్రతి వ్యక్తి జీవితంలో టీకా తర్వాతి ఆరు వారాలను, మిగతా కాలాన్ని పోల్చి చూసే పద్ధతిని బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త ప్యాడీ ఫారింగ్టన్ 1990లలో రూపొందించాడు. వ్యక్తిని అతనితోనే పోల్చడం వల్ల వయసు, ఊరు, ఆర్థికస్థితి వంటి తేడాలు చాలావరకు తొలగిపోతాయి. ఎంఎంఆర్ మీద తీర్పుకు ఈ రకం లెక్కలే బలమిచ్చాయి. వీఐటీటీ విషయంలో లెక్కలతోపాటు పీఎఫ్4 యాంటీబాడీ రూపంలో ప్రత్యక్ష సాక్ష్యమూ దొరికింది.

విడి కేసులకు భారతదేశం ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిని అనుసరిస్తుంది. టీకా పదార్థం వల్ల, నాణ్యతాలోపం వల్ల, వేయడంలో పొరపాటు వల్ల, భయం వల్ల వచ్చినవి ఒక వర్గం. సమయం సరిపోయినా ఆధారం చాలనివి మరో వర్గం. కాకతాళీయాలు, సమాచారం లేక తేల్చలేనివి మిగతావి. గ్రామంలో ఏఎన్ఎం, ఆశా కార్యకర్త తెలిపిన సంఘటన వైద్యాధికారి, జిల్లా ఇమ్యునైజేషన్ అధికారి ద్వారా టీకా అనంతర దుష్ప్రభావాలను పరిశీలించే రాష్ట్ర, జాతీయ ఏఈఎఫ్ఐ కమిటీలకు చేరాలి (చూ. సార్వత్రిక టీకా కార్యక్రమం).

పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన కోవిషీల్డ్ ఆస్ట్రాజెనెకా టీకాయే. జాతీయ కమిటీ 498 తీవ్ర సంఘటనలను లోతుగా పరిశీలించి, కోవిషీల్డ్ తర్వాత రక్తం గడ్డకట్టినవి కావచ్చని 26 కేసులను గుర్తించినట్లు కేంద్ర ఆరోగ్యశాఖ 2021 మే 17న ప్రకటించింది. పది లక్షల డోసులకు 0.61 కేసు అన్నమాట. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్ తర్వాత అలాంటివి నమోదు కాలేదని అదే ప్రకటనలో ఉంది. ఆ టీకాలో ఉన్నది నిర్జీవం చేసిన వైరస్, అడినోవైరస్ కాదు. అప్పట్లో బ్రిటన్ సంఖ్య పది లక్షలకు 4, జర్మనీది 10. భారత్ సంఖ్య తక్కువగా ఉండటానికి జన్యుపరమైన తేడా కారణం కావచ్చు. కోవిడ్ సెకండ్ వేవ్ ఉధృతిలో పీఎఫ్4 పరీక్ష కొద్దిచోట్లే అందుబాటులో ఉండటం, కేసులు నమోదు కాకపోవడం కూడా కారణం కావచ్చు. నమోదు తక్కువగా ఉన్నచోట జబ్బూ తక్కువేనని అనుకోవడం సరికాదు.

నష్టపరిహారం దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికా పరిహార పట్టికలో తట్టు ఉన్న టీకా వేసిన 7 నుంచి 30 రోజుల మధ్య వచ్చే ప్లేట్‌లెట్ల తగ్గుదల చేరి ఉంది. బాధితుడు కారణాన్ని విడిగా రుజువు చేయనవసరం లేదు. బ్రిటన్‌లో 1979 నాటి చట్టం కింద తీవ్ర వైకల్యం పొందినవారికి ఒకేసారి సొమ్ము ఇస్తారు. టీకాలు సమాజం మొత్తానికి మేలు చేస్తున్నప్పుడు, ఆ మేలుకు మూల్యం చెల్లించిన కొద్దిమందిని సమాజమే ఆదుకోవాలన్నది ఈ ఏర్పాట్ల వెనకున్న న్యాయం.

తర్వాతి టీకాలు

ఇంతకుముందు ఐటీపీ వచ్చి తగ్గిన పిల్లలకు ఎంఎంఆర్ వేస్తే జబ్బు తిరగబెడుతుందన్న భయం సహజం. పైన చెప్పిన 2001 బ్రిటన్ అధ్యయనంలో అలాంటి పిల్లలెవరికీ టీకా వల్ల జబ్బు తిరిగి రాలేదు. మొదటి డోసు తర్వాతే ఐటీపీ వచ్చినవారికి మాత్రం రెండో డోసుకు ముందు యాంటీబాడీ పరీక్ష చేయించి, రక్షణ సరిపోతే డోసు ఆపడం, చాలకపోతే మేలు కీడులు తూచి వేయడం వాడుకలో ఉంది. భారత ప్రభుత్వ కార్యక్రమంలో తట్టు, రుబెల్లాల ఎంఆర్ టీకాను 9-12 నెలల్లో, మళ్లీ 16-24 నెలల్లో వేస్తారు. టీకాతో సంబంధం లేకుండా ఐటీపీ వచ్చి తగ్గిన పిల్లలకూ ఈ పట్టికే వర్తిస్తుంది. వీఐటీటీ వచ్చినవారికి అడినోవైరస్ వాహక టీకా మళ్లీ వేయరు.

చికిత్సలో ఇమ్యునోగ్లోబ్యులిన్ తీసుకున్న బిడ్డకు తట్టు టీకా వంటి సజీవ టీకాలను మోతాదును బట్టి 8 నుంచి 11 నెలలు వాయిదా వేయాలి. ఎక్కించిన యాంటీబాడీలు టీకా వైరస్‌ను అడ్డుకుని దాన్ని నిష్ఫలం చేస్తాయి. ఎక్కువ మోతాదులో రెండు వారాలు, ఆపైన స్టెరాయిడ్లు వాడితే మానేశాక కనీసం ఒక నెల ఆగాలి. కండరంలోకి ఇచ్చే టీకాలను ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నవారికి వైద్యుడి సలహాతో, 23 గేజి లేదా అంతకంటే సన్నని సూదితో వేస్తారు. సూది తీశాక ఆ చోట రుద్దకుండా కనీసం రెండు నిమిషాలు గట్టిగా అదిమిపెట్టాలి.